ఇసుక మీది ఆనకట్టలు

గోదావరిపై మేడిగడ్డవద్ద కట్టిన బ్యారేజిలో ఏడవ బ్లాకునందలి స్తంభములు 2023 అక్టోబరు 21వ తేదీని క్రుంగిన నాటినుండి తెలంగాణమున ఆ కట్టడమును గూర్చి మాటలాడనివారు లేరు. శాసనసభలో మాటలాడిరి, ఎన్నికల వేదికలపై మాటలాడిరి, న్యాయస్థానములలో వాదించిరి. ఎవరు కట్టించిరి, ఎవరు కట్టిరి, ఎంత ధనము వ్యయమయ్యెను, దోషులెవరు అను ప్రశ్నలే అంతటను వినవచ్చుచున్నవి. 2024 మార్చిలో ఏర్పడిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ విచారణ సంఘము 2025 జూలై 31వ తేదీని తన నివేదికను ప్రభుత్వమునకు సమర్పించినది. దోషులను నిర్ణయించు అధికారము మాకు లేదు. ఆ పనికి నియుక్తులైనవారు వేరుగ నున్నారు. కాని ఇన్ని మాటలలో ఒక్క వస్తువును గూర్చిన మాట మాకు మిక్కిలి అరుదుగ వినబడుచున్నది. అది ఇసుక.

జాతీయ డ్యాం భద్రతా సంస్థ పంపిన నిపుణులు 2023 నవంబరులో ఇచ్చిన నివేదికలో ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతా పర్యవేక్షణ, నిర్వహణ అను నాలుగింటియందలి లోపములును కలసి ఈ కీడు తెచ్చినవనిరి. స్తంభములు క్రుంగుటకు కారణములలో మొట్టమొదటిదిగ పునాది క్రింది ఇసుక నీటివెంట కొట్టుకొనిపోవుటను పేర్కొనిరి. ఆనాటి రాష్ట్ర ప్రభుత్వము ఆ నిర్ణయము నంగీకరింపలేదు. ఆ వివాద మట్లుండనిండు. పునాది క్రింది ఇసుక ఎట్లు పోవును? ఇంత బరువైన కాంక్రీటు మీద నుండగా, నలుదిక్కుల ఇసుకయే యుండగా, ఒక రేణువు ఎక్కడికి కదలగలదు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసిననే గాని రేపు మరియొక కట్టడమును గూర్చి ఏమి యడుగవలయునో మన ప్రజలకు తెలియదు. కాబట్టి ఈ దినము మేము కొంత విపులముగ ఇసుకను గూర్చియే వ్రాయదలచితిమి.

నదీగర్భమందలి ఇసుక చూచుటకు గట్టిగ నుండును గాని, దాని ఘనపరిమాణములో మూడవ వంతు మొదలు అయిదింట రెండు వంతుల వరకు ఖాళీయే. ఆ ఖాళీ అంతయు నీటితో నిండి యుండును. ఎండకాలమున మన స్త్రీలు ఏటి ఇసుకలో చెలమ త్రవ్వి బిందె నింపుకొనుటకు ఆ నీరే ఆధారము. ఇట్టి ఇసుకపై అడ్డముగ ఒక కట్టడము నిలిపి, ఎగువ నీటిని దిగువ నీటికంటె కొన్ని మీటర్లు ఎత్తుగ నిలిపినచో, ఆ ఎత్తు నీటిని ఊరక యుండనీయదు. కాంక్రీటులోనుండి పోవుటకు దారి లేదు గనుక నీరు క్రిందికి దిగి, పునాది యడుగున ఇసుక సందులలో ప్రాకి, దిగువ ప్రక్కను పైకి లేచును. 1856లో ఫ్రాన్సు దేశపు డిజాన్ పట్టణమునకు త్రాగునీరు తెచ్చిన ఆంరీ డార్సీ అను ఇంజనీరు ఈ ప్రాకుటకు గల లెక్కను కనిపెట్టెను: మట్టముల తేడా హెచ్చినకొలది నీరు ఎక్కువగ ప్రవహించును, దారి పొడవు హెచ్చినకొలది తక్కువగ ప్రవహించును. ఇంత చిన్న సూత్రముపై ఇసుకలోని కట్టడముల శాస్త్రమంతయు నిలిచియున్నది.

ప్రాకు నీరు ప్రతి రేణువును కొంచెము త్రోయుచునే యుండును. పునాది నడుమ నున్న రేణువునకు కదలుటకు తావు లేదు. ముందున్న రేణువు దాని నాపుచున్నది. ఆపువారు లేనిది దిగువ చివరనున్న రేణువునకే. అచట నీరు పైకి లేచుచున్నది. రేణువు పైని బరువేమియు లేదు. నీటిలో మునిగిన రేణువుల స్వల్ప భారమును నీటి త్రోపు సరిపుచ్చినంతనే ఇసుక పట్టు వీడి ఉడుకు గంజివలె పొంగును. సామాన్యమైన ఇసుకకు ఈ ఘట్టము దాదాపు ఒక మీటరు దారికి ఒక మీటరు మట్టపు తేడా యున్నపుడు వచ్చును. మొదటి రేణువు పోగానే నీటి దారి ఆ మేరకు కురుచయగును. కురుచయైన దారిలో నీరు మరింత వడిగ వచ్చును. రెండవ రేణువు మొదటిదానికంటె సులభముగ పోవును. ఇట్లు దిగువ చివర పుట్టిన రంధ్రము ఎగువకు వెనుకకు ప్రాకుచు పునాది క్రింద సొరంగమై పెరుగును. అది ఎగువ నీటిని తాకిన గడియ వరకు పైనున్నవారికి ఏమియు తెలియకపోవచ్చును. అమెరికాలో ఐడహో రాష్ట్రమందలి టెటన్ ఆనకట్టకు 1976 జూన్ 5వ తేదీని ఉదయము బురద ఊటలు కానవచ్చెను. మధ్యాహ్నము కాకమునుపే కట్ట తెగి పదునొకండుగురు మరణించిరి. అది మట్టికట్ట, మనవి కాంక్రీటు కట్టడములు. అయినను రేణువు కదలు తీరు రెంటను ఒక్కటియే.

కదలిన రేణువు ఎక్కడ నిలుచును? పెద్దదైన ఇసుక రేణువు భూమిపైకి వచ్చినంతనే నీటి వడి తగ్గుటచే అక్కడనే కూలబడును. అందుచే ఊట చుట్టును చీమలపుట్టవలె ఇసుక తిన్నె ఏర్పడును. సన్నని మట్టి కథ వేరు. మిల్లీమీటరులో పదవ వంతుగల ఇసుక రేణువు నిశ్చలమైన నీటిలో మీటరు లోతు దిగుటకు రెండు నిమిషములు చాలును. దానికంటె పదిరెట్లు సన్నని ఒండ్రు రేణువునకు మూడు గంటలు పట్టును. అంతకు మరి పదిరెట్లు సన్నని బంకమట్టి రేణువునకు పండ్రెండు, పదుమూడు దినములు పట్టును. కాబట్టి బంకమట్టి నీటితోడనే ప్రయాణము చేయును. ఆ ప్రయాణములో ఇసుక సందులు వెడల్పైన చోట నెమ్మదించి దిగబడును, ఇరుకైన చోట చిక్కుకొనును, కొన్ని యెడల రేణువులకే అంటుకొని నిలిచిపోవును. ఎగువ ప్రక్కను వరదనీటి బంకమట్టి నదీగర్భముపై పేరుకొని సందులను పూడ్చినచో ఊట తగ్గి కట్టడమునకు మేలు కలుగును. అదే మట్టి దిగువ ప్రక్కను నీరు బయటికి పోవుటకై ఏర్పరచిన వడకట్టు పొరలలో చేరి వానిని పూడ్చినచో, పోవు దారి లేక నీటి పీడనము పెరిగి కాంక్రీటు నేలనే పైకెత్తజూచును. వడకట్టు ఇసుక మరీ సన్ననిదైన పూడును, మరీ ముతకదైన క్రింది ఇసుకను పోనిచ్చును. క్రింది ఇసుకలోని ముతక రేణువులకంటె వడకట్టులోని సన్నని రేణువులు నాలుగైదు రెట్లకు మించి పెద్దవిగ నుండరాదని టెర్జాగి చెప్పిన నియమము నేటికిని ఇంజనీర్లకు శిరోధార్యము. ఇంతటి సూక్ష్మమైన పనిని టెండరులో ఒక పంక్తిగ వ్రాసి, రాత్రి లారీలలో వచ్చిన కంకరను దులిపించి ముగించు ఆచారము ఎక్కడనైన నున్నయెడల దాని ఫలము అయిదారేండ్లకు గాని తెలియదు.

ఇవి పాశ్చాత్యులు కనుగొన్న వింతలని పాఠకులు తలంపవలదు. రాయలసీమలో నీరుగంటివానిని, తెలంగాణమున నీరటివానిని అడిగిన చెప్పెదరు. చెరువు కట్ట దిగువ చెమ్మగిలినచో వారు భయపడరు. తేట నీరు కారినచో కనిపెట్టుచుందురు. కారు నీటిలో మన్ను కలసినచో మాత్రము ఊరివారిని లేపుదురు. నీరు పోవుట కట్టకు సహజము, మన్ను పోవుట కట్టకు చావు అని వారు ఏ కళాశాలలోను చదువుకొనలేదు. గోదావరి కరకట్టలపై వరదరాత్రులలో కాపలా యున్నవారును ఇదే చేయుదురు: ఊట కనబడినచోట దానిని మూయరు, చుట్టును ఇసుక బస్తాలు పేర్చి నీటిని కొంత ఎత్తుకు లేవనిత్తురు, లేచిన నీటి బరువుచే మట్టముల తేడా తగ్గి మన్ను పోవుట నిలుచును. డార్సీ సూత్రమునకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము లేదు.

కావేరిపై కల్లణైని కట్టినవారు లోతు తెలియని ఇసుకలో పునాది నిలుపుట ఎట్లో ఎరిగియుండిరి. ఆ విద్యను ఈ దేశపు పూర్వులనుండియే నేర్చుకొంటిమని సర్ ఆర్థర్ కాటన్ స్వయముగ నొప్పుకొనెను. తంజావూరులో చూచినదానినే ఆయన 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమువద్ద గోదావరి ఇసుకలో ప్రయోగించెను. పదిలక్షల ఎకరముల డెల్టా దానిపై బ్రతికినది. కాటన్‌కు డార్సీ సూత్రము తెలియదు. అది అప్పటికి పుట్టనే లేదు. ఆయనకు తెలిసినదెల్ల ఒక్కటి: ఇసుకపై కట్టినపుడు కట్టడమును వెడల్పుగ, తక్కువ ఎత్తుగ నిలుపవలెను, ఏటేట వరద తీయగానే వెళ్లి చూచి, కదలిన రాయిని తిరిగి వేయవలెను. ఈ రెండవ భాగము మొదటిదానికంటె ముఖ్యమని మా యభిప్రాయము.

పంజాబులోను ఉత్తర హిందూస్థానములోను కట్టినవారికి ఈ పాఠము నష్టముచే బోధపడెను. చీనాబు నదిపై ఖాంకీ ఆనకట్ట 1895లో చెడెను. గంగపై నరోరా ఆనకట్ట 1898లో చెడెను. అప్పుడు కర్నల్ క్లిబ్బర్న్ రూర్కీ కళాశాలలో ఖాంకీ ఇసుకనే గొట్టములో నింపి పరీక్షలు జరిపెను. ఆ పరీక్షల వెనుక 1910లో బ్లై అను ఇంజనీరు ఒక సులభమైన నియమము వ్రాసెను: నీరు ప్రాకవలసిన దారి పొడవు, నీటి మట్టముల తేడాకు ఇన్ని రెట్లుండవలెను, మన హిమాలయ నదుల సన్నని ఇసుకకు పదునైదు రెట్లు, ముతక ఇసుకకు పండ్రెండు రెట్లు. ఆ నియమము సులభమగుటచేతనే అందరును దానిని పట్టుకొనిరి. అడ్డముగ ప్రాకిన గజమును నిలువుగ దిగిన గజమును దానికి సమానమే. ఈ సమానత్వమే దాని లోపము.

లోపమును బయటపెట్టినవారు మన ఇంజనీర్లు. ఎగువ చీనాబు కాలువపై బ్లై నియమము ననుసరించియే కట్టిన సైఫనులు 1926-27 ప్రాంతమున చిక్కు తెచ్చినపుడు అయోధ్యానాథ ఖోస్లా వాని నేలలలో గొట్టములు దింపి, అడుగున నీటి పీడన మెంతయో కొలిచెను. నియమము చెప్పిన పీడనము వేరు, గొట్టములలో నీరు లేచిన ఎత్తు వేరు. గణితమును, విద్యుత్తుతో చేసిన నమూనా ప్రయోగములను జతపరచి, ఎన్. కె. బోసు, ఇ. మెకెంజీ టెయిలర్ గార్లతో కలసి ఆయన 1936లో ప్రకటించిన గ్రంథము నేటికిని ఇసుక పునాదులపై కట్టువారికి ప్రమాణము. వలసపాలన దినములలో భారతీయ ఇంజనీరు ప్రపంచమునకు పాఠము చెప్పిన సందర్భములు ఎన్ని? వానిలో ఇది యొకటి. మన పాఠశాలలలో ఖోస్లా పేరు వినబడదు.

ఆయన నొక్కి చెప్పినది యేమనగా, మొత్తము దారి పొడవు ఎంతయున్నను, నీరు బయటికి లేచు చివరి చోట దాని త్రోపెంతయో అదియే కట్టడముయొక్క ప్రాణము. దిగువ చివరను తగినంత లోతుగ నిలువు గోడ లేనిచో, నేల ఎంత వెడల్పైనను చివరి రేణువు నిలువదు. సన్నని ఇసుకలో ఆ త్రోపు ఆరింట నొకవంతు లేదా ఏడింట నొకవంతునకు మించరాదు; ముతక ఇసుకలో అయిదింట లేదా ఆరింట నొకవంతునకు మించరాదు. ఇసుక పొంగునది ఒకటి వద్ద గదా, ఇంత తగ్గింపు ఎందుకని కొందరడుగుదురు. ఇసుక అంతటను ఒక తీరుగ నుండదు గనుక. ముతక రేణువుల నడుమనున్న సన్ననివి ముందే జారిపోవును గనుక. కాగితముపై గీచిన నదికిని భూమిపై పారు నదికిని భేదమున్నది గనుక.

ఒక ఊహా కట్టడమును తీసికొందము. నేల వెడల్పు 60 మీటర్లు, దిగువ గోడ లోతు 6 మీటర్లు, నీటి మట్టముల తేడా 5 మీటర్లు. ఖోస్లా లెక్కచొప్పున చివరి త్రోపు దాదాపు తొమ్మిదింట నొకవంతు. క్షేమమే. వరదలు దిగువను 3 మీటర్ల ఇసుకను కోసికొనిపోయి గోడకు మూడు మీటర్ల పట్టే మిగిలినచో అది సుమారు ఆరింట నొకవంతగును. సన్నని ఇసుకకు అదియే హద్దు. మరి ఒకటిన్నర మీటరు పోయినచో దాదాపు నాలుగింట నొకవంతగును. కట్టడములో ఒక రాయి కదలలేదు, ఒక బీట వారలేదు, గేట్లన్నియు చక్కగ పనిచేయుచున్నవి. అయినను క్షేమము పోయినది. ఎగువను నీటిని 5 మీటర్లకు బదులు 10 మీటర్లు నిలిపినను ఫలము దాదాపు అంతియే, త్రోపు రెట్టింపగును. నదిని ప్రక్కకు మళ్లించుటకు కట్టిన తక్కువ ఎత్తు బ్యారేజిని జలాశయమువలె ఏడాది పొడవునను నింపి యుంచవచ్చునా అను ప్రశ్న ఇందుండియే పుట్టుచున్నది. దిగువను ఇసుక త్రవ్వి లారీలకెత్తువారికిని బ్యారేజి పునాదికిని సంబంధమేమని యడుగువారికి గూడ ఈ లెక్కయే జవాబు.

మేడిగడ్డ క్రుంగిన కొలది దినములకే అన్నారము బ్యారేజివద్దను ఊటలు బయల్పడెను. పోలవరమువద్ద నదీగర్భమున ఇసుక మిక్కిలి లోతుగ నున్నందున దానిని ఛేదించి డయాఫ్రం గోడ దింపవలసివచ్చెను. 2019, 2020 సంవత్సరముల వరదల వెనుక ఆ గోడ దెబ్బతిన్నదని తేలి, 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టిరి. ఒకటి తెలంగాణములోనిది, ఒకటి ఆంధ్రములోనిది. ఒక పక్షము కట్టినది, మరియొక పక్షము కట్టినది. ఇసుకకు పక్షము లేదు. ఈ రెండు రాష్ట్రములలోను పాలకపక్షము మారినపుడెల్ల వెనుకటివారి కట్టడముల దోషములు పత్రికలకెక్కుచున్నవి, తమ కట్టడముల లెక్కలు మాత్రము బీరువాల కెక్కుచున్నవి.

ఇంజనీర్లకు తెలియని సంగతులను పత్రికలు నేర్పవలయునా అని మమ్ము నాక్షేపింపవచ్చును. వారికి నేర్పుటకు మేము వ్రాయలేదు. వారికి తెలుసును, తెలిసినది వారి కార్యాలయములనుండి బయటికి రాదు. పునాదిలో దింపిన గొట్టములలో నీరు ఏ దినమున ఎంత ఎత్తున నున్నదో గుర్తించుటకు గొప్ప విద్య యక్కరలేదు. నిరుటి మట్టమునకును ఈ యేటి మట్టమునకును తేడా కనిపెట్టుటకు కూడిక, తీసివేత వచ్చిన చాలును. ఎగువ నీరు మారకయే గొట్టములోని నీరు మారినదనగా అడుగున ఏదియో రేణువు కదలినదని, లేదా ఏదియో సందు పూడినదని అర్థము. ప్రజలకు ఈ లెక్కలు తెలిసినచో అకారణముగ భయపడుదురని చెప్పువారున్నారు. మేడిగడ్డ విషయమున ప్రజలకు ఏ లెక్కయు తెలియలేదు, భయము తగ్గెనా?

2021లో పార్లమెంటు చేసిన డ్యాం భద్రతా చట్టము, తన పరిధిలోనికి వచ్చు ఆనకట్టలను వర్షకాలమునకు ముందును పిమ్మటను తనిఖీ చేయవలెననియు, కొలత సాధనములను అమర్చవలెననియు యజమానులను నిర్బంధించుచున్నది. నీటిపారుదలలో యజమాని యనగా రాష్ట్ర ప్రభుత్వమే. మేము కోరునది ఆ చట్టమును మించినది కాదు, దాని ఫలము ప్రజలకు చేరుట మాత్రమే. గోదావరి కృష్ణలపై ఇసుక పునాదులమీద నున్న ప్రతి బ్యారేజికిని, అది పాతదైనను కొత్తదైనను, గొట్టముల మట్టములును, వరద తీసినపిదప దిగువ నదీగర్భపు లోతులును, ఊటలు కనబడిన చోటులును, ఆ ఊటల నీరు తేటయో బురదయో ఆ సంగతియు ఏటేట తెలుగులో ప్రకటింపవలెను. ఆ పత్రము హైదరాబాదు, అమరావతి కార్యాలయములలోనే గాక ఆయకట్టు గ్రామముల పంచాయతీలలోను ఉండవలెను. అమెరికాలో చదివివచ్చినవారు నేడు మన పల్లెలలో లేకపోలేదు. ఇంజనీరింగు చదివి కొలువు దొరకక ఊరనున్న పిల్లలు ప్రతి మండలమునను ఉన్నారు. వారు చదివి పెద్దలకు చెప్పగలరు.

దిగువ ఇసుక త్రవ్వకము విషయమున మా కోరిక ఇంకను చిన్నది. బ్యారేజికి ఇంత దూరములో త్రవ్వరాదను నిషేధమును కాగితముపై నుంచుటతో ఆగక, ఆ హద్దును నదిలో రాతి స్తంభములతో గుర్తింపవలెను. హద్దులోపల లారీ కనబడినచో ఎవరికి చెప్పవలయునో ఆ స్తంభముపైననే వ్రాయవలెను. గోడకు పట్టైన మూడు మీటర్ల ఇసుకను త్రవ్వి అమ్మిన వచ్చు పైకము, ఆ గోడ క్రింద సొరంగము పడిన పిదప మరమ్మతునకు అగు వ్యయములో ఎన్నవ వంతో ఆర్థికశాఖ వారే లెక్కవేసి చెప్పుదురుగాక.

మేడిగడ్డకు మరమ్మతు చేయుదురా, విడిచిపెట్టుదురా అనునది నిపుణులు తేల్చవలసిన ప్రశ్న. అడుగున ఎంత ఇసుక పోయినదో, ఎక్కడ బొరియ లేర్పడినవో రంధ్రములు వేసి చూడక ముందు ఎవరేమి చెప్పినను మేము నమ్మజాలము. కాని మిగిలిన కట్టడముల విషయమున కాలహరణమునకు తావు లేదు. రానున్న జూనులో నైరృతి ఋతుపవనము ప్రవేశించును. జూలైలో భద్రాచలమువద్ద గోదావరి ఎర్రబారును. ఆ వరద తీసినపిమ్మట గేట్లు దింపి ఎగువను నీరు నిలుపుదురు. ఆ దినమున ప్రతి బ్యారేజి దిగువను ఒక మనిషి నిలిచి, లేచు ఊట తేటగ నున్నదో బురదగ నున్నదో చూచి వ్రాసి సంతకము చేయవలెను. ఆ పుస్తకమును అడిగిన రైతుకు చూపవలెను.